నిమ్మ గజ్జి వెంట మారిషస్‌కి

ఎలమంచిలి నుంచి రాంబిల్లి మీదుగా పూడిమడక తీరానికి పోయే దారిలో చెరకు, జీడిమామిడి, సరుగుడు తోటలు వరసగా వస్తాయి. ఊళ్లలో పెరటికో నిమ్మచెట్టు. ఆ చెట్లలో మచ్చ పడనిది వెతికితే గానీ దొరకదు. వానలు వెనకపట్టే రోజుల్లో ఒక ఆకు తెంపి వెలుతురుకు ఎత్తి చూస్తే మచ్చ రెండు వైపులా కనిపిస్తుంది. మధ్యలో బెండులా గరుకుగా పైకి లేచిన గోధుమరంగు బుడిపె, దాని అంచున నూనె అంటినట్టుండే తడి వలయం, ఆ చుట్టూ పసుపు. కాయ మీద పడ్డదైతే గోటితో గీకినా పోదు. రైతులు దీన్ని గజ్జి తెగులు అంటారు. శాంతోమోనాస్ సిట్రి అనే బాక్టీరియా దీనికి కారణం. మన దగ్గర ఇది తాతల నాటి జబ్బు, చూసి ఎవరూ ఉలిక్కిపడరు. మచ్చ తక్కువున్న కాయ సంతకు పోతుంది, ఎక్కువున్నది ఊరగాయకు పోతుంది. హిందూ మహాసముద్రం అవతల మారిషస్‌లో మాత్రం ఇది బయటి నుంచి వచ్చి పడ్డ జబ్బు. అది ఆ ప్రాంతపు దీవులకు 19వ శతాబ్దంలో చేరిందనీ, బానిసత్వం రద్దయ్యాక సాగిన వలసలతో దానికి సంబంధం ఉండవచ్చనీ 2021లో ఒక పరిశోధన ప్రకటించింది. ఆ వలసల్లో విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల తెలుగు కూలీలు ఉన్నారు. కాబట్టి మారిషస్ నేల మీద నిమ్మచెట్టును చూడటమంటే మన తీరం నుంచి కదిలిన చరిత్రలో ఒక భాగాన్ని చూడటమే. ఆ జబ్బు దీవికి ఎలా చేరింది, చేరాక దాన్ని ఎందుకు తుడిచిపెట్టలేకపోయారు, పుట్టింట్లో ఉన్న మనం ఆ అనుభవం నుంచి ఏం తీసుకోవాలి అన్నవే ఈ యాత్ర వెంట నడిచిన ప్రశ్నలు.

మారిషస్‌లో దిగినవాళ్లను మొదట పలకరించేది మొక్కల గురించిన హెచ్చరికే. అనుమతి లేకుండా మొక్క, అంటు, పండు ఏదీ లోపలికి తేకూడదు. దీని కోసం 2006లో ప్రత్యేకంగా మొక్కల రక్షణ చట్టం చేసుకున్నారు. విమానాశ్రయం దాటగానే రోడ్డుకు రెండు పక్కలా చెరకు. అనకాపల్లి దారిలో ఉన్నట్టే ఉంటుంది గానీ చేల మధ్య నల్లరాళ్ల గుట్టలు చూశాక తేడా తెలుస్తుంది. అగ్నిపర్వతం నుంచి పుట్టిన నేల కాబట్టి మట్టి కంటే రాయి ఎక్కువ. ఆ రాళ్లను ఒక్కొక్కటే ఏరి, మెట్లు మెట్లుగా పేర్చి, మధ్యలో చెరకు నాటింది కూలీలే. వరాహ నది ఒండ్రు మట్టికి అలవాటుపడ్డ కళ్లకు ఆ గుట్టలు ఎంత చాకిరీని దాచుకున్నాయో వెంటనే తెలిసిపోతుంది. మనుషుల తీరు నెమ్మది. చిన్న కొట్లోకి అడుగుపెట్టినా ముందు పలకరింపు, ఆ తర్వాతే బేరం. వీధిలో అమ్మే ధోల్ పూరీ చూస్తే బొబ్బట్టులో బెల్లం తీసేసి పప్పు మాత్రం ఉంచినట్టుంటుంది. గాతో పిమా అనే పప్పు వడలు, ఆవపిండి కలిపిన కూరగాయల పచ్చళ్లు, పెళ్లిళ్లలో అరిటాకు మీద వడ్డించే ఏడు కూరలు, అన్నిటి పక్కనా పచ్చిమిరపకాయా నిమ్మకాయా. తూర్పున ఉన్న రోడ్రిగ్స్ దీవి నిమ్మకాయకు, మిరపకు పేరుపొందింది. నిమ్మ ఆ వంటల్లో ఇంతగా కలిసిపోయింది కాబట్టే దాని జబ్బును ఇళ్ల నుంచి విడదీయడం అంత కష్టమైంది.

పోర్ట్ లూయీ రేవు దగ్గర అప్రవాసీ ఘాట్ ఉంది. 1834 నుంచి 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల దాకా దాదాపు 5 లక్షల మంది భారతీయ కూలీలు ఈ రేవు ద్వారా లోపలికి వెళ్లారు. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. రాతి మెట్లు, ఇరుకు గదులు, నీళ్ల తొట్లు, అంతే. కోరంగి, విశాఖ, భీమిలి రేవుల నుంచి వచ్చిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలని పిలిచేవారు. 1843లో వచ్చిన ఓడ పేరే కోరంగి ప్యాకెట్. నేడు వాళ్ల మనవలు ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా క్రియోల్. అయినా ఉగాది ఆ దేశంలో జాతీయ సెలవు దినం, సింహాద్రి అప్పన్న పూజలు ఇళ్లలో జరుగుతూనే ఉన్నాయి. 1947లో మారిషస్ ఆంధ్ర మహాసభ ఏర్పడింది, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయి. భాష చాలావరకు జారిపోయినా దేవుడు నిలిచాడు. ఇంత దూరం వచ్చినవాళ్లు తమతో ఏం తెచ్చుకోగలిగారు అన్న ప్రశ్నకు ఆ ఇరుకు గదుల్లో నిలబడితే సగం జవాబు దొరుకుతుంది. ఒక గుడ్డమూట పట్టేంత చోటే వాళ్లకు దక్కింది.

రెండో సగం దీవి నడిబొడ్డున, రెద్యూయిలో ఉంది. 1953లో స్థాపించిన చెరకు పరిశోధన సంస్థ ప్రాంగణంలోనే మారిషస్ హెర్బేరియం ఉంది. ఎండబెట్టి, అదిమి, కాగితాలకు అంటించిన మొక్కల భాండారం అది. 1937లో దీవిలో సేకరించిన ఒక నిమ్మజాతి నమూనా ఆకుల మీద గజ్జి మచ్చలు అలాగే ఉండిపోయాయి. రీయూనియన్‌లోని ఫ్రెంచి సంస్థ సిరాడ్ శాస్త్రవేత్తలు, పావోలా కాంపోస్, ఆద్రియాన్ రియూ తదితరులు, ఆ మచ్చ నుంచి బాక్టీరియా డీఎన్‌ఏను వెలికితీశారు. పంట మొక్కల బాక్టీరియాకు సంబంధించి పాత నమూనా నుంచి పూర్తి జన్యుపటం కూర్చడం అదే తొలిసారి. డీఎన్‌ఏ కాలంతో పాటు ముక్కలవుతుంది, ముక్కల కొనల దగ్గర ఒక ప్రత్యేకమైన తీరులో చెడుతుంది. ఆ చెడిన తీరే అది పాతదనడానికి, ఈనాటి ప్రయోగశాలలో కలిసిన మలినం కాదనడానికి సాక్ష్యం. ఇక లెక్క ఇలా సాగుతుంది. బాక్టీరియా జన్యువుల్లో చిన్న చిన్న మార్పులు ఒక వేగంతో పోగవుతూ ఉంటాయి. 1937 నాటి తేదీ ఖాయంగా తెలిసిన నమూనా ఒకటి చేతికి వస్తే, ఇటీవలి నమూనాలతో పోల్చి ఆ వేగాన్ని కొలవవచ్చు. వేగం తెలిస్తే వెనక్కి నడిచి, దీవుల బాక్టీరియాలన్నిటికీ ఉమ్మడి పూర్వీకుడు ఎప్పటిదో అంచనా వేయవచ్చు. ఆ అంచనా 19వ శతాబ్దానికి చేరింది. 2023లో ఇదే బృందం మరిన్ని పాత నమూనాలు చేర్చి, ఈ బాక్టీరియా దక్షిణాసియాలో పుట్టి, ఇక్కడే శాఖలుగా చీలి, ఆ తర్వాతే లోకమంతా పాకిందని తేల్చింది. దీనికి పాత సాక్ష్యం ముందే ఉంది. 1933లో ఫాసెట్, జెన్‌కిన్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లండ్, అమెరికాల హెర్బేరియంలు గాలించి, 1827-31 మధ్య డెహ్రాడూన్‌లో సేకరించిన మాదీఫలం ఆకుల మీద గజ్జి మచ్చలు గుర్తించారు. ఆ నమూనా సేకరించేనాటికి మారిషస్‌కు కూలీల ఓడలు మొదలే కాలేదు.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. 19వ శతాబ్దం అనగానే కూలీల ఓడలు గుర్తొస్తాయి, జబ్బును కూలీలే మోసుకొచ్చారన్న మాట నోటిదాకా వస్తుంది. పరిశోధకులు సైతం వలసలతో సంబంధం ఉండవచ్చన్నారే గానీ ఫలానా మనిషి తెచ్చాడని అనలేదు. నా వాదన ఏమిటంటే తేదీ కలిసినంత మాత్రాన నేరం కలవదు. ఈ బాక్టీరియా విత్తనంలో ప్రయాణించదు. ఊరగాయలో, ఎండబెట్టిన నిమ్మచెక్కలో బతికి చెట్టెక్కదు. అది దూరం పోవాలంటే పచ్చి మొక్క కావాలి, అంటు కావాలి, కొమ్మ కావాలి. వారాల తరబడి ఓడలో ఉప్పుగాలికి తట్టుకుని పచ్చి మొక్క బతకాలంటే దానికి మంచినీళ్లు కావాలి, చోటు కావాలి, చూసుకునే మనిషి కావాలి. తాగే నీళ్లు కొలిచి పోసే ఓడలో కూలీకి ఇవేవీ లేవు. ఇవన్నీ ఉన్నది తోటల యజమానులకు, వలస ప్రభుత్వపు వృక్షోద్యానాలకు. పాంప్లెమూస్‌లో 1770 నాటికే పియెర్ పువావ్ర్ తోట నెలకొల్పి లోకం నలుమూలల మొక్కలు తెప్పించాడు. ఆ ఊరి పేరు సైతం డచ్చివారు జావా నుంచి తెచ్చిన పంపరపనసదే. 1830ల్లో వార్డియన్ పెట్టె వచ్చింది. గాజు బిగించిన ఆ చెక్కపెట్టెలో మొక్కలు నెలల తరబడి సముద్రం మీద బతికేవి. ఉద్యానాల మధ్య మొక్కల ఇచ్చిపుచ్చుకోళ్లు జోరందుకున్న కాలమది. కూలీల కోసం తెరిచిన ఓడదారే మొక్కల పెట్టెలకూ దారైంది. ఈనాడు తామరలు చూడటానికి జనం వెళ్లే పాంప్లెమూస్ తోటలో నడుస్తుంటే, చెట్ల అందంతో పాటు, ఏ చెట్టు ఏ రేవు నుంచి ఏ తెగులుతో దిగి ఉంటుందోనన్న ఆలోచన వెంటాడుతుంది. కూలీ ఒక్క మొక్క కూడా తేలేదని నేననను. పూజకో వంటకో ఎవరైనా కొమ్మ తెచ్చి ఉండవచ్చు. అయినా తూకం వేస్తే బరువు మొక్కల వ్యాపారం వైపే మొగ్గుతుంది. ఇది గతాన్ని కడిగే తాపత్రయం కాదు. జబ్బు మనిషితో వచ్చిందని నమ్మే దేశం మనిషిని ఆపుతుంది. మొక్కతో వచ్చిందని తెలిసిన దేశం మొక్కను తనిఖీ చేస్తుంది. గజ్జిని ఆపగలిగేది రెండోదే.

దీవి చుట్టూ సముద్రం ఉంది కాబట్టి జబ్బును తేలిగ్గా తుడిచెయ్యొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. ఒకసారి లోపలికి వచ్చాక దీవిలో గాలే శత్రువు అవుతుంది. మచ్చ తడిసినప్పుడు అందులోంచి బాక్టీరియా నీటిలోకి ఊరుతుంది. గాలివాన ఆ నీటిని తుంపరగా చేసి లేత ఆకుల రంధ్రాల్లోకి కొడుతుంది. ఆకు తొలిచే పురుగు చేసిన పాము దారుల్లోకి ఇంకా తేలిగ్గా దూరుతుంది. మారిషస్‌కు తుపాను కొత్త కాదు. 1960 నాటి కారోల్‌ను అక్కడ ఇప్పటికీ తలుచుకుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పటి గాలిని తలుచుకుంటే, అలాంటి గాలివాన ఒక చెట్టు మచ్చను ఎన్ని తోటలకు పంచుతుందో మనవాళ్లకు వివరించనక్కర్లేదు. డబ్బుకు కొదవలేని ఫ్లోరిడా ఏమైందో చూడండి. 1910ల్లో జపాన్ నుంచి వచ్చిన మొక్కలతో దిగిన గజ్జిని తోటలు తగలబెట్టి 1933 నాటికి తుడిచేశామని ప్రకటించారు. అది మళ్లీ వచ్చింది. 1995లో మయామీ విమానాశ్రయం దగ్గర బయటపడ్డాక, జబ్బు చెట్టుకు 1,900 అడుగుల లోపున్న నిమ్మజాతి చెట్లన్నీ కొట్టేయాలని నిబంధన పెట్టారు. కోటిన్నరకు పైగా చెట్లు కూలాయి. ఇళ్ల యజమానులు కోర్టుకెక్కారు. 2004, 2005 తుపానులు జబ్బును రాష్ట్రమంతా చల్లేసరికి 2006 జనవరిలో ఆ కార్యక్రమాన్నే వదిలేశారు. ఆస్ట్రేలియా గెలిచింది. 2004లో క్వీన్స్‌లాండ్‌లోని ఎమెరాల్డ్ దగ్గర గజ్జి బయటపడితే ఆ ప్రాంతపు తోటలన్నీ, దాదాపు 5 లక్షల చెట్లు, తీసేసి 2009కల్లా తుడిచేశారు. 2018లో డార్విన్‌లో కనబడ్డదాన్నీ 2021 నాటికి లేకుండా చేశారు. ఆస్ట్రేలియాకూ మారిషస్‌కూ మధ్య తేడా ధైర్యంలో లేదు, తొందరలో ఉంది. ఎమెరాల్డ్‌లో జబ్బు ఒక మూల ఉండగానే పట్టుబడింది. మారిషస్‌లో అది వందేళ్లకు పైగా ప్రతి పెరట్లో కుదురుకుంది. అక్కడ గొడ్డలి పట్టడమంటే ఊళ్లకు ఊళ్లను నరకడమే, తర్వాతి తుపానుకు అది మళ్లీ వస్తుంది కూడా.

అలాగైతే ఇంట్లోకి వచ్చేశాక తలుపు వేసి ఏం లాభం అన్నది పదునైన అభ్యంతరం. దీనికి జవాబు మారిషస్ చెరకే చెబుతుంది. ఆ దీవిలో గమ్మింగ్ అనే బాక్టీరియా తెగులు 19వ శతాబ్దం నుంచీ ఉంది. గడ నరికితే కోసిన చోట పసుపు జిగురు ఊరుతుంది, బెల్లమూ పంచదారా సరిగ్గా కట్టవు. తట్టుకునే రకాలు నాటి దాన్ని అదుపులోకి తెచ్చుకున్నారు. 1960ల్లో ఎం 147/44 అనే రకం దీవి చెరకు నేలలో పెద్ద భాగం పరుచుకుని ఉండగా ఆ బాక్టీరియాలోనే కొత్త తెగ ఒకటి విజృంభించింది. అదే జబ్బు, అదే పేరు, కొత్త కోర. అంతవరకు నిలిచిన రకాలను పక్కన పెట్టక తప్పలేదు. గజ్జిలోనూ ఇంతే. నిమ్మ బాక్టీరియాలో తెగలు పలు రకాలు. రీయూనియన్‌లో రాగి మందును తట్టుకునే తెగ సైతం బయటపడింది. జబ్బు ఇప్పటికే ఉన్న దేశానికి తలుపు అవసరం తీరిపోదు, రెండో తెగ రాకుండా చూడటానికి అది ఇంకా కావాలి. ఈ మాట అనకాపల్లి వైపు చెరకు రైతుకు కొత్తగా అనిపించకూడదు. 1913 నుంచి అక్కడ పరిశోధన కేంద్రం ఉంది. విత్తనపు చెరకు ముచ్చెలు ఆరోగ్యమైన తోట నుంచే తేవాలని, కార్శి తోటలో జబ్బు కనిపిస్తే దాన్ని విత్తనానికి వాడకూడదని చెబుతూనే ఉన్నారు. కార్శిని గిడసబార్చే బాక్టీరియా తెగులు కోత కత్తి మీద నుంచే చేను మారుతుంది. ముచ్చెలను సుమారు 50 డిగ్రీల వేడినీళ్లలో 2 గంటలు ఉంచితే అది చాలావరకు చస్తుంది. చెరకులో ఇంత జాగ్రత్త తెలిసిన మనం నిమ్మ మొక్క కొనేటప్పుడు ఆకు తిప్పి చూడం.

మారిషస్‌కు పడమరన రీయూనియన్. ఎత్తైన కొండలు, లోయల్లో పొగమంచు, ఇంకా రగులుతున్న అగ్నిపర్వతం. కూరల్లో కొంబావా అనే ముడతల నిమ్మ తొక్కు తురిమి వేస్తారు, దాని వాసన గిన్నె మూత తీయగానే గది నిండా పరుచుకుంటుంది. ఇక్కడ నిమ్మజాతికి గజ్జి కంటే పెద్ద దెబ్బ గ్రీనింగ్ తెగులుది. అదీ బాక్టీరియాయే. సిల్లా అనే చిన్న పురుగు రసం పీలుస్తూ దాన్ని చెట్టు నుంచి చెట్టుకు చేరుస్తుంది. ఆఫ్రికా సిల్లా, ఆసియా సిల్లా రెండూ ఆ దీవి మీదే కలిశాయి, కమలా తోటలు ఎండిపోయాయి. 1970ల్లో అక్కడి శాస్త్రవేత్తలు సిల్లా పిల్లపురుగుల మీద గుడ్లు పెట్టే బుల్లి కందిరీగలను తెచ్చి వదిలారు. ఆఫ్రికా సిల్లాకు దక్షిణాఫ్రికా నుంచి ఒకటి, ఆసియా సిల్లాకు భారతదేశం నుంచి టమరిక్సియా రేడియాటా అనే మరొకటి. ఆఫ్రికా సిల్లా ఆ దీవిలో లేకుండా పోయింది, ఆసియా సిల్లా బాగా తగ్గింది. వాటితో పాటు తెగులు లేని మొక్కలను పెంచి పంచారు కాబట్టి తోటలు మళ్లీ లేచాయి. జబ్బు పంపిన ఖండమే దాని విరుగుడునూ పంపింది. దీవి హద్దు ఇక్కడ నిజంగా అక్కరకొచ్చింది. కొత్త సిల్లాలు గాలికి కొట్టుకొచ్చే పరిస్థితి లేదు కాబట్టి కందిరీగ పని నిలిచింది. గజ్జికి మాత్రం అలాంటి కందిరీగ లేదు. దానికి ఉన్నవి మచ్చ పడ్డ కొమ్మలు కత్తిరించడం, లేత చిగురు వేళ రాగి మందు చల్లడం, గాలి తగ్గించే చెట్ల వరసలు, తట్టుకునే రకాలు, శుభ్రమైన నర్సరీ. తోట గట్టు మీద సరుగుడు వరస గాలివాన వేగం తగ్గించి గజ్జినీ తగ్గిస్తుంది. మారిషస్ తీరమంతా సరుగుడే, పూడిమడక తీరాన ఉన్నదీ సరుగుడే. మన రైతు దాన్ని కర్రకు పెంచుతాడు, నిమ్మతోటకు కాపలాగా నాటడు.

గజ్జి చెట్టును చంపదు కదా, ఇంత గొడవెందుకు అనేవాళ్లున్నారు. నిజమే, ముదురు చెట్టు చావదు. కానీ లేత చెట్టు ఆకు రాల్చి కుదేలవుతుంది, పిందె రాలుతుంది, మచ్చ కాయకు ధర పడిపోతుంది. ఐరోపా సమాఖ్య గజ్జి ఉన్న కాయను తన మార్కెట్లోకి రానివ్వదు. గూడూరు, తెనాలి వైపు నిమ్మ మీద బతికే రైతుకు కాయ తొక్క మీది మచ్చే లాభనష్టాల గీత. దానికి మనవాళ్లు అలవాటుగా చేసేది 10 లీటర్ల నీళ్లకు 30 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, 1 గ్రాము స్ట్రెప్టోసైక్లిన్ కలిపి కొట్టడం. ఇందులో రెండో మందు నన్ను కలవరపెడుతుంది. స్ట్రెప్టోమైసిన్ మనుషుల క్షయకు వాడే మందు. తోటల్లో కొట్టేకొద్దీ బాక్టీరియాలు దానికి అలవాటుపడతాయి. వ్యవసాయంలో దీన్నీ టెట్రాసైక్లిన్‌నూ నిలిపేయాలని కేంద్రం 2021లో ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. పిచికారీ మీద బతుకుతున్న పద్ధతి ఎక్కువకాలం నిలవదు. రీయూనియన్‌లో రాగిని తట్టుకునే తెగ పుట్టుకు రావడం ఆ మాటకు సాక్ష్యం.

ఎలమంచిలికి తిరిగి వచ్చాక కళ్లు నిలిచేది జాతీయ రహదారి మీద. కడియం నర్సరీల నుంచి మొక్కలు నింపుకున్న లారీలు ఊరు పక్కనుంచే విశాఖకు, ఒడిశాకు పోతుంటాయి. మొక్కలమ్మే బండ్లు సంతల్లో ఆగుతాయి. 19వ శతాబ్దపు ఓడకూ ఈ లారీకీ తేడా వేగం ఒక్కటే. నర్సరీల మీద నాకు అనుమానం లేదు, వాళ్ల చేతిలోనే మందు ఉంది. నిమ్మ విత్తనం గజ్జిని మోయదు కాబట్టి విత్తనంతో పెంచిన నారు పుట్టుకలో శుభ్రంగానే ఉంటుంది. అదే నారును మచ్చ పట్టిన పెద్ద చెట్టు కింద ఉంచి పైనుంచి నీళ్లు చల్లితే రోజుల్లో జబ్బు అంటుతుంది. నారుమడిని ముదురు చెట్లకు దూరంగా, వల కింద ఉంచి, మొదళ్ల దగ్గర నీళ్లు పోస్తే చాలావరకు ఆగుతుంది. ఇందులో ఖరీదైన పని వల ఒక్కటే. అదీ చిన్న నర్సరీ చేతికి అందాలంటే ఉద్యాన శాఖ రాయితీ ఇవ్వాలి, ప్రతిఫలంగా నర్సరీ తనిఖీకి ఒప్పుకోవాలి. మొక్కతో పాటు పుట్టుచీటీ ఇవ్వాలి, ఏ ఊళ్లో ఏ నెలలో పెరిగిందో అందులో ఉండాలి. తిరుపతి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన బాలాజీ రకం గజ్జిని కొంత తట్టుకుంటుంది. పెరటికి ఒక్క మొక్క కొనేవాళ్లకు ఆ రకాన్ని అందుబాటులో ఉంచితే ఊళ్లలోని జబ్బు నిల్వ తగ్గుతుంది, పక్కనున్న తోటలకు ఊరట దొరుకుతుంది. కొనేవాళ్ల వంతు పని సంతలోనే ఉంది. డబ్బు ఇచ్చేముందు నిమ్మ మొక్క ఆకు తిప్పి, అడుగువైపు వెలుతురుకు పెట్టి చూడాలి. పసుపు వలయం కనిపిస్తే ఆ మొక్కను బండి మీదే వదిలేయాలి.